డిస్కనెక్షన్ నోటీసు తెచ్చారా?

అమెరికాలో ఒహాయో రాష్ట్రపు కొలంబస్‌లో బీదాబిక్కీకి గ్యాసు, కరెంటు బిల్లుల్లో సాయం చేసే సంస్థ ఒకదాంట్లో నేను చాలా ఏళ్లు పనిచేశాను. కౌంటరుకి ఇవతల నేను, అవతల వాళ్లు. వచ్చినవాళ్లు కోటు విప్పి కూర్చునేలోపే అడగాల్సిన ప్రశ్న ఒకటుండేది: "డిస్కనెక్షన్ నోటీసు తెచ్చారా?" ఇంట్లో చలిగా ఉందా, చంటిపిల్లలున్నారా, ఈ నెల జీతం పడిందా అన్నవన్నీ ఆ తర్వాతే. ఫలానా తారీఖులోగా ఇంత కట్టకపోతే గ్యాసు ఆపేస్తామని కంపెనీ పంపిన కాగితం చేతిలో ఉంటే అత్యవసర సహాయానికి ఫైలు తెరుస్తాం. గ్యాసు అప్పటికే ఆగిపోయి ఉంటే ఇంకా తొందరగా తెరుస్తాం. ఈ రెండూ కాకపోతే, బిల్లు ఎంత భారమైనా సరే, అది అత్యవసరం కిందికి రాదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎనభైల్లో మా ఆయన చదువు కోసం ఒహాయో వచ్చాం, ఇక్కడే ఉండిపోయాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ప్రశ్న అడగడానికి నాకు నోరొచ్చేది కాదు. ఏట్లో పడ్డవాణ్ణి నీళ్లు ముక్కుదాకా వచ్చాయా, ఇంకా గొంతు దగ్గరే ఉన్నాయా అని గట్టు మీంచి అడిగినట్టుండేది. ఈ ప్రశ్న ఎవరు పెట్టారు, ఎప్పట్నుంచి అడుగుతున్నారు అని ఆరా తీయబోతే, అది ఈ రాష్ట్రంలో గ్యాసు పుట్టిన రోజులదాకా తీసుకెళ్లింది.

కొలంబస్‌కి వాయవ్యంగా, కారులో రెండు గంటల్లోపే, ఫిండ్లే అనే ఊరుంది. అక్కడ నేలలోంచి గ్యాసు వాసన వస్తుందని జనానికి ముందునుంచీ తెలుసు. చార్లెస్ ఓస్టర్‌లెన్ అనే డాక్టరుగారు పట్టుబట్టి 1884లో బావి తవ్వించారు. 1886 జనవరిలో కార్గ్ బావి పడింది. గ్యాసు ఎంత ఉధృతంగా తన్నుకొచ్చిందంటే దాన్ని మూయడం ఎవరి తరమూ కాలేదు. అంటించి వదిలేశారు. నూరడుగుల పైచిలుకు మంట నాలుగు నెలలపాటు అట్లాగే మండింది. చుట్టూ మంచు కరిగి నడిచలికాలంలో పచ్చగడ్డి మొలిచిందని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంకేముంది, ఫ్యాక్టరీ పెట్టేవాడికి గ్యాసు ఉచితం అన్నారు. గాజు కంపెనీలు వరసకట్టి వచ్చాయి. 1887 జూన్‌లో వీధి పొడుగునా గ్యాసు దీపాల తోరణాలు కట్టి ఉత్సవం చేశారు. పక్కన ఇండియానాలోనూ ఇదే వరస. వీధుల్లో గ్యాసు కాగడాలు రాత్రీపగలూ మండుతూనే ఉండేవి. ఆర్పడానికి మనిషిని పెట్టుకునే కంటే మండనివ్వడమే చవక. మీటరు పెట్టాలన్న ఆలోచనే ఎక్కువమందికి రాలేదు. స్టవ్వుకింత, దీపానికింత అని నెలకో మొత్తం ఇస్తే చాలు.

అయిదేళ్లు తిరక్కుండానే ఫిండ్లేలో ఒత్తిడి పడిపోయింది. ఇండియానా ప్రభుత్వం 1891లో ఆ కాగడాలను నిషేధిస్తూ చట్టం చేసింది. దానిమీద కోర్టుకెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. నా బావి, నా గ్యాసు, నా ఇష్టం అన్నారు. ఓడిపోయారు. మీటర్ల రోజులు వచ్చాయి.

మీటరుతో ఇంకోటి కూడా వచ్చింది, బాకీ. మన వంటింటి గ్యాసుకి ఈ బాకీ తెలీదు. డబ్బిస్తే సిలిండరు దించుతాడు, లేకపోతే వచ్చిన రిక్షాలోనే తీసుకుపోతాడు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పెట్టినప్పుడు కూడా ప్రభుత్వం భరించింది కనెక్షను డిపాజిట్టు. లోపలి గ్యాసు డబ్బు ఇల్లాలే కట్టుకోవాలి. కట్టలేనమ్మ మళ్లీ పొయ్యి రాజేసుకునేది. ఆమె బాధ ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కదు. గొట్టంలో వచ్చే గ్యాసుకి పద్ధతి వేరు. ముందు కాలుతుంది, తర్వాత కొలుస్తారు, ఆ తర్వాత చీటీ వస్తుంది. చీటీ చూసేసరికి గ్యాసు ఉండదు, వెచ్చదనమూ ఉండదు. అప్పు మాత్రం ఉంటుంది. ఒహాయోలో ఇప్పటికీ మూడిళ్లలో రెండు ఈ గొట్టపు గ్యాసుతోనే వెచ్చగా ఉంటాయి. నవంబరునుంచి మార్చిదాకా ఫర్నెస్ ఆగితే ఇంట్లో నీళ్ల పైపులు గడ్డకట్టి పగులుతాయి. వంట సంగతి తర్వాత.

పూర్వం బాకీపడ్డవాళ్లకి ఎవరు సాయం చేసేవారు? బొగ్గు కాలంలో టౌన్‌షిప్ ధర్మకర్తలు బీదవాళ్లకి బొగ్గు ఇప్పించేవారు. చర్చీలుండేవి, సాల్వేషన్ ఆర్మీ ఉండేది. బొగ్గుకి ఒక సుఖం ఉంది. పక్కింటివాళ్లు బకెట్టెడు అప్పివ్వగలరు. గ్యాసు అప్పివ్వడం ఎవరివల్లా కాదు. వీధిలో వాల్వు కట్టేసి తాళం వేశారంటే ఆ ఇంటికి అందరి చేతులూ కట్టేసినట్టే. అయినా 1970 దాకా ఇది పెద్ద సమస్యగా ఎవరికీ కనిపించలేదు, గ్యాసు అంత చవక. 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు వల్ల రాష్ట్రాలు దాటిపోయే గ్యాసు ధర బావి దగ్గరే ప్రభుత్వం చేతిలోకి వచ్చింది. ధర కట్టడి చేసేసరికి టెక్సస్‌లో తవ్వేవాళ్లు గ్యాసుని సొంత రాష్ట్రంలోనే అమ్ముకోవడం లాభమనుకున్నారు. చవక గ్యాసు కోసం ఒహాయోలో ఇళ్లన్నీ ఫర్నెస్‌లు పెట్టుకున్నాయి. ఆ గ్యాసు రావడం మాత్రం తగ్గుతూ వచ్చింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఒహాయోది కాదు, టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ ఊరిది. 1972లో క్రాఫ్ట్ దంపతులు అక్కడ ఒక ఇల్లు కొనుక్కున్నారు. అంతకుముందు అది రెండు వాటాల ఇల్లు, గ్యాసుకి రెండు మీటర్లు, కరెంటుకి రెండు మీటర్లు. ఒకే కుటుంబం ఉంటున్నా నెలనెలా రెండు బిల్లులు రాసాగాయి. వాళ్లే ప్లంబర్నీ ఎలక్ట్రీషియన్నీ పిలిపించి మీటర్లు కలిపించుకున్నారు. పని సరిగ్గా కుదరలేదు. రెండు బిల్లులూ అట్లాగే వస్తూ ఉండిపోయాయి. ఏ బిల్లు నిజం, ఎంత బాకీ, ఎవరికీ అంతుపట్టదు. ఏడాది తిరిగేసరికి వాళ్లింటికి అయిదుసార్లు సరఫరా ఆపేశారు. ఆ ఇల్లాలు పని మానుకుని మునిసిపల్ ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఈ గది కాదంటే ఆ గది. నాకు రెండు బిల్లులెందుకని అడిగితే చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగిన మనిషి ఎవరో చెప్పేవాళ్లు కూడా లేరు. ఇంటికొచ్చిన నోటీసులో మాత్రం బాకీ ఉంది, ఈ తారీఖున ఆపేస్తాం అని ఉంటుంది. ఆక్షేపణ ఉంటే ఫలానాచోట చెప్పుకోవచ్చన్న మాట లేదు.

ఈ తగాదా 1978లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మే 1న తీర్పు వచ్చింది, ఆరుగురు ఒక వైపు, ముగ్గురు మరో వైపు. జస్టిస్ పవెల్ రాశారు. గ్యాసు, కరెంటు ఈ కాలపు బతుకులో తప్పనిసరి వస్తువులు, కొద్దికాలం ఆపినా ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ప్రభుత్వ సంస్థ అవి ఆపేముందు, బిల్లు మీద తగాదా ఉంటే ఎక్కడ చెప్పుకోవాలో నోటీసులోనే చెప్పాలి, దాన్ని సరిదిద్దే అధికారమున్న మనిషిని కలుసుకునే వీలు ఇవ్వాలి. తీర్పు సారాంశం ఇంతే. వినడానికి ఎంత చిన్న కోరిక! బిల్లు మాఫీ చెయ్యమనలేదు, తగ్గించమనలేదు. మాట్లాడ్డానికి ఒక మనిషిని చూపించమన్నారు. అంతకు నాలుగేళ్ల ముందే ఇంకో కేసులో, ప్రైవేటు కంపెనీకి రాజ్యాంగం చెప్పిన ఈ బాధ్యతలు అంటవని అదే కోర్టు తేల్చింది. దాంతో మెంఫిస్ తీర్పు మునిసిపల్ సంస్థల వరకే పరిమితమైంది. ప్రైవేటు కంపెనీల సంగతి రాష్ట్రాల్లోని యుటిలిటీ కమిషన్లు చూసుకోవాల్సి వచ్చింది. అవి ఒక్కొక్కటే నియమాలు రాసుకుంటూ పోయాయి. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఎక్కడ అంటించాలి, ఏ వాక్యం ఉండాలి. ఆ నియమాల కొసనే నేను అడిగే నోటీసు పుట్టింది. ఆపేయకుండా రక్షణగా పుట్టిన కాగితం తర్వాతి రోజుల్లో సాయానికి అర్హతపత్రమైంది.

అదెలాగో చెప్పాలంటే 1977 చలికాలం దగ్గరికి రావాలి. ఆ జనవరి ఒహాయో చూసిన అత్యంత చల్లని నెలల్లో ఒకటి. గ్యాసు చాలక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కొలంబస్ బడులు మూసేశారు, మూసేసి ఊరుకోలేదు. ఫిబ్రవరిలో నెలరోజులపాటు రేడియోలో, టీవీలో, దినపత్రికల్లో పాఠాలు చెప్పారు. పిల్లలు వారానికోరోజు, గ్యాసు అక్కర్లేని భవనం ఎక్కడుంటే అక్కడికి వెళ్లి టీచరుకి హోంవర్కు చూపించేవారు. "స్కూల్ వితవుట్ స్కూల్స్" అని దానికి పేరు. నాతో పనిచేసినావిడ ఒకామె అప్పట్లో అయిదో తరగతి. వంటింట్లో రేడియో పక్కన కూర్చుని భిన్నాలు నేర్చుకున్నానని చెప్పేది. కోవిడ్ రోజుల్లో అందరూ ఆన్‌లైన్ చదువుల గురించి ఇదేదో కొత్త అన్నట్టు మాట్లాడుతుంటే ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆ చలికి గవర్నరు జేమ్స్ రోడ్స్ శాసనసభ భవనంలో ప్రార్థనలు జరిపించారు. ఫిబ్రవరి 2న అధ్యక్షుడు కార్టర్ ఉన్ని స్వెటరు వేసుకుని టీవీలో కూర్చుని, ఇంట్లో థర్మోస్టాట్ పగలు 65 డిగ్రీల దగ్గర, రాత్రి 55 దగ్గర పెట్టుకోండని దేశానికి చెప్పారు. సెంటీగ్రేడులో 18, 13 అన్నమాట. అదే రోజు గ్యాసుని కొరత ఉన్నచోటికి మళ్లించే అత్యవసర చట్టం మీద సంతకం పెట్టారు.

కొరత ఇట్లా తెలిసింది అందరికీ. బాకీ మాత్రం కట్టలేనివాళ్లకే తెలిసింది. ఆ ఏడాది కాంగ్రెస్ 20 కోట్ల డాలర్లు విడుదల చేసింది. ఇంటికి 250 డాలర్లకు మించకుండా బిల్లు బకాయిలు తీర్చడానికి. పంచింది కమ్యూనిటీ యాక్షన్ సంస్థలు. 1964లో జాన్సన్ ప్రభుత్వం పేదరికం మీద యుద్ధం అంటూ ఊరూరా పెట్టించిన సంస్థలు అవి. అదే ఏడాది మే నెలలో మా ఒహాయోలోనే ఏథెన్స్ ఊళ్లో విద్యార్థుల ముందు నిలబడి జాన్సన్ తన "గ్రేట్ సొసైటీ" గురించి చెప్పాడు. మా ఆఫీసు ఆ కుదురులోంచి వచ్చిందే. సరే, డబ్బయితే మంజూరైంది గానీ చేతికందేసరికి చలికాలం వెళ్లిపోయింది. గ్యాసు కట్టేశారు, జనం కంబళ్లు కప్పుకుని బతికారు, వసంతం వచ్చాక కంపెనీల పాత బాకీలు తీరాయి. దీనికి పెట్టిన పేరు "సంక్షోభ నివారణ". ఈ దేశంలో మొదటిసారి పెద్ద ఎత్తున ఇచ్చిన గ్యాసు సాయం తీరు అది.

ఇంకో సంగతి కూడా అక్కడే స్థిరపడింది. డబ్బు ఇంటివాళ్ల చేతికి ఇవ్వరు. నేరుగా కంపెనీకి వెళుతుంది. మనుషుల మీద నమ్మకం లేక అని కొందరంటారు, సౌకర్యం కోసం అని కొందరంటారు. నా అనుభవంలో రెండూ నిజమే. ఏదైతేనేం, కౌంటరు అవతలివాళ్లు ఆ డబ్బుని కళ్లతో చూడరు. వాళ్లకి అందేది ఇంకో నెల గడువు.

1978లో గ్యాసు ధరల కట్టడిని అంచెలంచెలుగా ఎత్తేస్తూ చట్టం వచ్చింది. కొరత తీరింది, ధర పెరిగింది. వెయ్యి ఘనపుటడుగుల గ్యాసుకి ఇళ్లలో 1973లో దేశపు సగటున 1.29 డాలర్లు కట్టేవారు. 1983లో 6.06 డాలర్లు. పదేళ్లలో నాలుగున్నర రెట్లకు పైనే. ఇదే పదేళ్లలో ఒహాయోలో ఉక్కు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. యంగ్స్‌టౌన్‌లో 1977 సెప్టెంబరు 19న పెద్ద మిల్లు మూసేస్తున్నామని ప్రకటించారు. ఆ సోమవారాన్ని ఇప్పటికీ "బ్లాక్ మండే" అంటారు. 1983 మొదట్లో రాష్ట్రంలో నిరుద్యోగం 13 శాతం దాటింది. ఉద్యోగం పోయిన మనిషికి నాలుగు రెట్ల గ్యాసు బిల్లు.

1980లో చమురు కంపెనీల అదనపు లాభాల మీద పన్ను వేసిన చట్టంలో ఇంటి వెచ్చదనానికి సాయం చేసే భాగం ఒకటి చేర్చారు. 1981లో రీగన్ ప్రభుత్వం దాన్ని బ్లాక్ గ్రాంటుగా మార్చి రాష్ట్రాల చేతిలో పెట్టింది. పేరు లైహీప్. ఇప్పటికీ నడుస్తోంది. అందులో సంక్షోభం అన్న మాటకి గంటల లెక్క ఉంది. అర్హుడు దరఖాస్తు పెట్టిన 48 గంటల్లో ఆ సంక్షోభం తీరే సాయం ఏదో ఒకటి అందాలి, ప్రాణాపాయం ఉంటే 18 గంటల్లో. చట్టాలు ఇంత కచ్చితంగా మాట్లాడ్డం నాకు నచ్చుతుంది. కాని 48 గంటల్లో తీర్చాలంటే సంక్షోభం ఎప్పుడు మొదలైందో ఎవరో ఒకరు తేల్చాలి కదా. చలి ఎంత ఉందో కొలవడం కష్టం, ఆకలి ఎంతో కొలవడం ఇంకా కష్టం. తారీఖు వేసిన కాగితం ఒకటి అప్పటికే చలామణిలో ఉంది. రాష్ట్రాలు దాన్నే అందుకున్నాయి. ఒహాయోలో ఇవాళ్టి నియమం ఇది: నవంబరు 1నుంచి మార్చి 31దాకా, ఇంటి ఆదాయం పేదరికపు గీతకి 175 శాతంలోపు ఉండి, నోటీసు వచ్చి ఉంటే గాని, గ్యాసు ఆగిపోయి ఉంటే గాని, కొత్తగా కనెక్షను పెట్టించుకోవాల్సి ఉంటే గాని సాయం దొరుకుతుంది. పల్లెల్లో ప్రొపేన్ ట్యాంకు వాడేవాళ్లయితే ట్యాంకులో పావు వంతు కంటే ఎక్కువ మిగలకూడదు. ఏడాదికి ఒక్కసారే.

నవంబరు 1 మా ఆఫీసులో ఎట్లా ఉండేదో చెబుతాను. తలుపు తెరిచేసరికి వరస మలుపు తిరిగి ఉండేది. కొందరి చేతుల్లో అట్టపెట్టెలు. నెలరోజుల జీతం చీటీలు, ఇంట్లో అందరి సోషల్ సెక్యూరిటీ కార్డులు, పిల్లల జనన పత్రాలు, గ్యాసు బిల్లు, కరెంటు బిల్లు. గ్యాసు ఫర్నెస్ గాలి ఊదడానికి కరెంటు కావాలి. ఒకటుండి ఒకటి లేకపోతే రెండూ లేనట్టే. అందుకని రెండు బిల్లులూ చూస్తాం. ఆదాయం సున్నా అనేవాళ్లది వేరే ఫారం. ఆదాయమే లేకపోతే అద్దె ఎట్లా కడుతున్నావు, తిండి ఎట్లా తింటున్నావు అని అందులో రాయించాలి. "మా అక్క పెడుతోంది" అని రాస్తారు. ఆ అక్క కూడా వరసలో రెండు కుర్చీల అవతల ఉండేది ఒక్కోసారి.

అన్నీ సరిపోతే కంపెనీకి ఫోను. ఫలానా ఖాతాకి ఇంత మేం కడతాం అని హామీ. దాన్ని ప్లెడ్జ్ అంటాం. మొదట్లో ఫోనులోనే చెప్పి, పేరు, టైము రాసుకునేవాళ్లం. తర్వాత ఫ్యాక్సు, ఆ తర్వాత కంప్యూటరు. ప్లెడ్జ్ పడితే ఆపేయడం ఆగుతుంది. అప్పటికే ఆపేసిన ఇంటి సంగతి అంత తేలిక కాదు. కరెంటయితే ఆఫీసులో కూర్చుని మీట నొక్కినా వస్తుంది. గ్యాసు అట్లా రాదు. మనిషి రావాలి. మీటరు దగ్గర వాల్వుకి వేసిన తాళం తీసి, గొట్టాల అతుకుల్లో ఎక్కడైనా గ్యాసు కారుతోందా అని చూసి, లోపలికొచ్చి ఫర్నెస్‌దీ నీళ్ల హీటర్‌దీ పైలట్ మంటలు తన చేత్తో వెలిగించి వెళ్లాలి. ఆ టైముకి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరుండాలి. ఎన్నింటికొస్తాడు? పొద్దుటినుంచి సాయంత్రంలోపు. గంటల లెక్కన కూలి తెచ్చుకునే ఆడమనిషి రోజు కూలి వదులుకుని కిటికీ దగ్గర కూర్చోవాలి. చాలాకాలం ఆగిపోయిన ఇల్లయితే లోపలి గొట్టాలకి ఒత్తిడి పరీక్ష చేయించమంటారు. ప్లంబరు ఖర్చు ఇంటివాళ్లదే. మా సాయం బిల్లుకి గాని ప్లంబరుకి కాదు. బాకీ తీరిపోయీ గ్యాసు రాని ఇళ్లు నేను చూశాను. వాళ్లు వంట ఓవెన్ తలుపు తీసిపెట్టుకుని, అది కరెంటుదైతే, దాని ముందు పిల్లల్ని పడుకోబెట్టేవారు.

ఒక ముసలాయన గుర్తున్నాడు, హిల్‌టాప్ పేటవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బిల్లుల కట్ట, అన్నీ గడువులోగా కట్టినవే. బీపీ మందులు రోజు విడిచి రోజు వేసుకుంటూ, ఫర్నెస్ 55 దాటనివ్వకుండా కడుతున్నాడు. నోటీసు లేదు. ఎందుకుంటుంది? లైహీప్‌లోనే ఒహాయోలో హీప్ అనే మామూలు సాయం ఒకటుంది, దానికి నోటీసు అక్కర్లేదు, దరఖాస్తు రాసిచ్చాను. అది తర్వాతెప్పుడో బిల్లులో జమ అవుతుంది. ఈ నెలకి మాత్రం ఏమీ లేదన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "అయితే తల్లీ, వచ్చే నెలది ఎగ్గొట్టి రమ్మంటావా?" అన్నాడు. నా ఉద్యోగ నియమాల ప్రకారం ఔననకూడదు. కాదంటే అబద్ధమవుతుంది. దరఖాస్తు కింద సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

ఈ లోపం ఒహాయోకి తెలియక కాదు. 1983లోనే యుటిలిటీ కమిషన్ ఇంకో దారి తెరిచింది, పిప్ అంటాం. బిల్లు ఎంతొచ్చినా నువ్వు కట్టేది నీ ఆదాయంలో ఇంత శాతం అని. గ్యాసుతో వెచ్చబడే ఇల్లయితే గ్యాసుకి 10 శాతం, కరెంటుకి 5. మిగతా బాకీ ఖాతాలోనే ఉండిపోతుంది గాని దాని కోసం గ్యాసు ఆపరు. ఆ భారం కొంచెం కొంచెంగా రాష్ట్రంలో గ్యాసు వాడేవాళ్లందరి ధరలో కలుస్తుంది, నాదాంతో సహా. దేశంలో ఇట్లాంటి ఆలోచన చేసిన మొదటి రాష్ట్రాల్లో ఒహాయో ఒకటి. నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో తెలివైన పని అదొక్కటే. అత్యవసరం వచ్చేదాకా ఆగకుండా బిల్లు దగ్గరే పట్టుకున్నారు. కాని మొదటి రూపంలో ఒక మెలిక ఉండేది. శాతం కట్టుకుంటూ పోయినా వెనక బాకీ పేరుకుంటూనే ఉండేది. పదేళ్లు నిజాయితీగా కట్టిన మనిషి పేరు మీద వేల డాలర్లు. ఉద్యోగం దొరికి ఆదాయం గీత దాటిందో, అదంతా మీద పడుతుంది. మంచి ఉద్యోగం వద్దనుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లని సోమరులనడం నేను విన్నాను. 2010లో దీన్ని మార్చారు. ఇప్పుడు గ్యాసుకి కట్టాల్సిన శాతం సగానికి తగ్గింది. గడువులోగా కట్టిన ప్రతిసారీ పాత బాకీలో 24వ వంతు రద్దవుతుంది. రెండేళ్లు తప్పకుండా కడితే పాత బాకీ ఉండదు. నేను కౌంటరు వెనక ఉండగా నిజంగా మారిన విషయం ఇది. ఆ 24వ వంతు రద్దు మొదటిసారి బిల్లులో చూసుకుని, తప్పు పడిందేమో సరిచూడమని భయపడుతూ వచ్చినవాళ్లున్నారు.

మిగతాదంతా కేలండరే. చలికాలంలో ఎవరికీ గ్యాసు ఆపడం ఇష్టం ఉండదు, వార్తల్లోకెక్కుతుంది. ఏప్రిల్ మధ్యలో చలికాలపు రక్షణలు ముగుస్తాయి. కంపెనీ ట్రక్కులు అప్పుడు బయల్దేరతాయి. వేసవిలో ఫ్యాన్లకీ ఏసీలకీ ఒహాయోలో సాయముంది, అది కరెంటుకే. గ్యాసు ఆగిన ఇల్లు మే, జూన్, జులై చన్నీళ్ల స్నానాలతో, కరెంటు కుంపటి మీద వంటతో నడుస్తుంది. ఆ ఇంటివాళ్లకి నవంబరు 1 తెలుసు. అప్పటికి గ్యాసు ఆగిపోయి ఉంటుంది కాబట్టి అర్హత ఖాయం. అత్యవసరం అన్నది ఇట్లా ఏటా ఒకే తారీఖున వచ్చే అలవాటైపోయింది. వచ్చేవాళ్ల ముఖాలు మాకు గుర్తుండేవి, మా ముఖాలు వాళ్లకీ. దేశం మొత్తంలో లైహీప్‌కి అర్హులైన ఇళ్లలో సాయం అందేది అయిదింట ఒక వంతుకి అటూ ఇటూ. 2009లో 500 కోట్ల డాలర్లు దాటిన కేటాయింపు తర్వాత తగ్గింది. 2025 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఈ కార్యక్రమం చూసుకునే సిబ్బంది మొత్తాన్నీ తీసేశారు.

మనవాళ్ల సంగతి అడుగుతారు. కొలంబస్ చుట్టూ ఇప్పుడు తెలుగువాళ్లు బాగా పెరిగారు. నేను వచ్చినప్పుడు ఉగాదికి ఒక చర్చి హాలు సరిపోయేది. గ్యాసు బాకీ ఉందని మనవాళ్లు ఎవరికీ చెప్పరు, నా ఉద్యోగం ఏమిటో తెలిసినవాళ్లయితే అసలు చెప్పరు. అయినా 2001లో, మళ్లీ 2008లో కంపెనీలు మనుషుల్ని తీసేసినప్పుడు రాత్రి పొద్దుపోయాక ఫోన్లొచ్చేవి. "ఆంటీ, మా ఫ్రెండు ఒకతను..." అని మొదలయ్యేవి. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి, హెచ్‌వన్ మీద ఉన్నవాళ్లకి లైహీప్ వర్తించదు. 1996 చట్టం ఆ గీత గీసింది. ఇంట్లో ఇక్కడ పుట్టిన పిల్లలుంటే లెక్క కొంచెం మారుతుంది, దానికి వేరే విచారణ. కాబట్టి ఆ ఫ్రెండుకి చెప్పగలిగింది ఇంకోటి.

ఒహాయో కమిషన్ ఏటా అక్టోబరు ప్రాంతంలో ఒక ఉత్తర్వు జారీ చేస్తుంది, వింటర్ రీకనెక్ట్ ఆర్డర్ అని. ఎంత బాకీ ఉన్నా సరే, 175 డాలర్లు కట్టి, మిగతాదానికి వాయిదాల పద్ధతి ఒప్పుకుంటే గ్యాసు ఆపకూడదు. ఆపేసి ఉంటే తిరిగి ఇవ్వాలి, దానికి 36 డాలర్లు మించి రుసుము అడగకూడదు. ఏప్రిల్ మధ్యదాకా, ఒక్కసారి వాడుకోవచ్చు. దీనికి ఆదాయం అడగరు, వీసా అడగరు. కంపెనీకి ఫోను చేసి ఆ ఉత్తర్వు పేరు చెబితే చాలు. కాకపోతే పేరు చెప్పాలి. చెప్పకపోతే మొత్తం కట్టమంటారు. నేను ఆ ఫ్రెండు పేరు అడిగేదాన్ని కాదు. ఉత్తర్వు పేరు ఇంగ్లీషులో ఒక్కొక్క మాటే రాసుకోమనేదాన్ని. రాసుకున్నాక చదివి వినిపించమనేదాన్ని. ఆ తర్వాత, టెక్నీషియను వచ్చే రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి బాబూ, వాడొచ్చి తలుపు కొట్టి వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తుంది అని చెప్పి పెట్టేసేదాన్ని.